నెమ్మదిగా చెయ్యమన్నారు

పంగుల్,
ఆగస్టు 21

నికెన్ అక్కకి,

ఫోన్ చేతిలో పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. ఫోన్లో అయితే నువ్వు పంపింది నేను తెరిచేలోపే తుడిచేస్తావు. నీకా జబ్బుంది. కాగితం మీద కొట్టేసినా కొట్టేసినట్టు కనపడుతుంది. అందుకని నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి, నా మీద ఒట్టు.

నిన్న ఫ్యాకల్టీ నుంచి కవరొచ్చింది. ఏడేళ్ళ గడువు జూలై ఆఖరుతో అయిపోయిందట. థీసిస్ ఇవ్వలేదు కాబట్టి నా చదువు రద్దట. "పలుమార్లు హెచ్చరించినప్పటికీ" అని ఒక ముక్క కూడా తగిలించారు. ఎవరు హెచ్చరించారు? ఎప్పుడు? ఎవర్ని? గడప మీదే కూర్చుని రెండుసార్లు చదివాను. అమ్మ ఉడికించిన చేపల్ని బుట్టల్లో సర్దుతోంది. ఆ చేతులతోనే "ఏమిటే?" అని సైగ చేసింది. "ఏం లేదు, మళ్ళీ కాలేజీ తెరుస్తున్నారట" అన్నాను. సంబరపడిపోయింది పిచ్చిది.

అక్కా, యూనివర్సిటీలో తోడ్పాటు కేంద్రం వాళ్ళు నిన్ను నాకు తోడుగా వేసి నాలుగేళ్ళయింది. క్లాసులో నా పక్కన కూర్చుని మాస్టార్లు చెప్పేదంతా టైపు చేసి చూపించావు. థీసిస్ మొదలయ్యాక నా గైడు విర్యవాన్ సార్ గదిలో ఆయన మాటలన్నీ సైగల్లో నాకు చెప్పింది నువ్వే. ఆయన నా మొహం ఏనాడూ చూడలేదు. నీతో మాట్లాడతాడు, నేను నీ చేతులు చూస్తాను. ప్రతిసారీ నువ్వు చెప్పింది ఒకటే: "బాగుందన్నారు, నెమ్మదిగా చెయ్యమన్నారు." సరేనని నెమ్మదిగా చేశాను. రంజాన్ ఉపవాసాలయ్యాక లెబరాన్ పండక్కి ఇంటికొచ్చి, అమ్మకి చేతిసాయంగా ఉండిపోయానంటే ఆ ధైర్యంతోనే కదా!

ఇక్కడ మన చెవిటి పిల్లల బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉందని నీకు చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ సుమినీ టీచరమ్మ జనవరి దాకా ఎవర్నీ వెయ్యకుండా ఆపుతానంది. పట్టా ఉండి తీరాలి. ముప్పై మంది పిల్లలు, సైగలొచ్చిన టీచరు ఒక్కరు లేరు. మూతులు సాగదీసి అరుస్తారు, పిల్లలు బిక్కమొహాలేసుకుని చూస్తారు. నేనూ అక్కడే చదివాను. తొమ్మిదేళ్ళొచ్చేదాకా నాకో పేరుందని నాకే తెలియదు. ఆ పోస్టు నాకు కావాలి అక్కా. నా ఏడేళ్ళ చదువూ దాని కోసమే.

సార్ అసలు ఏమన్నారో బాగా గుర్తు చేసుకుని రాయి.

పాలుపి


మలాంగ్,
సెప్టెంబరు 6

పాలుపీకి,

నీ ఉత్తరం చూసి నాకు అన్నం సహించలేదే. ఆలస్యమైందని కోప్పడకు. కొత్త పిల్లలు చేరారు, ఈసారి చూపు లేనివాళ్ళు ఐదుగురు, నీలాగా వినికిడి లోపం ఉన్నవాళ్ళు ముగ్గురు, ఒకబ్బాయికి చక్రాల కుర్చీ. మన కేంద్రం నడిపే ఎండాంగ్ మేడం అందరినీ నిలబెట్టి ఫొటోలు తీయించింది. ఈ కొండ ఊరి చలిలో గేటు దగ్గర మాంసపుండల సూపు వాడి దగ్గర నించుంటే నువ్వే గుర్తొస్తావు. కారం ఎక్కువ పోయించుకుని ముక్కు తుడుచుకునేదానివి. మొన్న వాడు నన్నడిగాడు, "ఆ కోపిష్టి అమ్మాయి ఏమైపోయింది?" అని.

సార్ సంగతి. ఆయన మీసాల్లో గొణుగుతారని నీకు తెలుసుగా, వినపడే నాకే సగం అర్థమయ్యేది కాదు. గడువు గురించి మధ్యలో ఏదైనా అని ఉంటారు. గట్టిగా మాత్రం అనలేదనుకుంటా. అయినా ఇప్పుడవన్నీ తవ్వుకుని లాభమేముంది?

దారి లేకపోలేదు. ఫ్యాకల్టీ బోర్డుకి అప్పీలు పెట్టుకోవచ్చు. నా మాట విని ముందు క్షమించమని ఒక మంచి ఉత్తరం రాయి. తప్పు నాదే, అమాయకురాలిని, పెద్ద మనసు చేసుకోండి అని. మన పెద్దవాళ్ళ సంగతి నీకు తెలియదా, తల వంచితే కరిగిపోతారు, తలెత్తితే బిగుసుకుపోతారు. కావాలంటే నేనే రాసిపెడతాను.

డిసెంబరులో నన్ను పర్మనెంట్ చేస్తారని మేడం అంటోంది. దేవుడి దయ. ఇన్నాళ్ళూ వాలంటీరుగా, తర్వాత కాంట్రాక్టుగా లాక్కొచ్చాను. మా నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు. అమ్మని అడిగానని చెప్పు.

నీ అక్క
నికెన్


పంగుల్,
సెప్టెంబరు 19

అక్కా,

నాకు వినికిడి లోపం లేదు. నేను చెవిటిదాన్ని. వంద సార్లు చెప్పాను. ఆ మెత్తటి మాట మీ ఆఫీసు బోర్డు మీద రాసుకోండి, నాకు రాసేటప్పుడొద్దు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో మాంసపుండలకి మూడు వాక్యాలు, సార్‌కీ మూడే. నీళ్ళు నములుతున్నావు.

నువ్వు టైపు చేసి నాకిచ్చిన ఫైళ్ళన్నీ తీశాను. విర్యవాన్ సార్ దగ్గరికి మనం పదకొండు సార్లు వెళ్ళాం. పదకొండింటిలోనూ కోపం మాట ఒక్కటి లేదు. అక్కా, ఆ మనిషి ఎలాంటివాడో ఫ్యాకల్టీలో కుర్చీలకి కూడా తెలుసు. ఆ గదిలోంచి ఏడవకుండా బయటికొచ్చినవాళ్ళని నేను చూడలేదు. ఒకడి కాగితాలు కిటికీలోంచి విసిరేస్తే కిందకెళ్ళి ఏరుకున్నాడు. అలాంటివాడు నాకొక్కదానికే దేవుడా? చెవిటిదని జాలిపడుతున్నాడు కాబోలనుకుని నాలో నేనే కుంచించుకుపోయేదాన్ని. ఇప్పుడు అనుమానమొస్తోంది, జాలి ఆయనది కాదేమోనని.

ఇంకోటి. మార్చిలో నాకు హెచ్చరిక ఉత్తరం పంపామని ఫ్యాకల్టీ గుమస్తా మెసేజ్ పెట్టాడు. "మీలాంటి విద్యార్థుల కాగితాలన్నీ తోడ్పాటు కేంద్రానికే పంపుతాం" అన్నాడు. కేంద్రంలో ఆ కవరు తీసుకున్నదెవరు?

క్షమాపణ రాయను. చెయ్యని తప్పుకి ఎందుకు రాస్తాను? అప్పీలు మాత్రం పెట్టాను. హెచ్చరిక నాకు అందలేదని రాశాను. నువ్వు ముఖం చాటేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు.

పాలుపి


మలాంగ్,
అక్టోబరు 8

పాలుపీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు చెప్పింది నిజమే, కాగితం మీద తుడవడం కుదరదు.

చెప్పేస్తున్నాను. సార్ అన్నవన్నీ నేను నీకు చెప్పలేదు. ఆయన కసిరేవారు. మొదటిసారి ఆ మాటలు విని నా చేతులు పైకి లేవలేదు. నువ్వేమో కళ్ళింతలు చేసుకుని నా వైపు చూస్తున్నావు. అలాంటి మొహానికి ఆ మాట ఎలా చెప్పను? కాస్త మెత్తగా చేసి చెప్పాను. నువ్వు నవ్వావు. అదే అలవాటైపోయింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ మొహం మీద నొప్పించరు. ఎవరైనా చచ్చిపోతే కూడా ముందు ఒంట్లో బాగాలేదనే చెప్తాం. అది దయ అనుకునే పెరిగానే నేను.

ఆ కవరు నేనే తీసుకున్నాను. అప్పుడే మీ అమ్మ కాలి మీద వేడినీళ్ళ డేగిసా పడి ఆస్పత్రిలో ఉంది. నువ్వు ఊరికీ మలాంగ్‌కీ తిరుగుతున్నావు. అమ్మ ఇంటికొచ్చాక చూపిద్దామని డ్రాయర్లో పెట్టాను. అమ్మ ఇంటికొచ్చింది. అప్పటికి రెండు వారాలైంది, ఇన్నాళ్ళెందుకు దాచావంటే ఏం చెప్పాలో తోచలేదు. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా తోచలేదు. గడువు పొడిగిస్తారులే, చాలామందికి పొడిగించారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ బోర్డు ముందు నేను నిజం చెప్తాను. నవంబరు 14న నీ అప్పీలు విచారణ. ఆ కవరు తెస్తాను. ఇంకో మాట. సైగల్లో చెప్పడానికి నేను కాకుండా మా దగ్గర ఉన్నది ఒక్క అమ్మాయే, తను కాన్పుకి సురబాయా వెళ్ళింది. అందుకని ఆ రోజు నీ మాటలు వాళ్ళకీ వాళ్ళ మాటలు నీకూ చెప్పాల్సింది నేనే. ఎండాంగ్ మేడం నన్నే వేసేసింది. ఒక రకంగా మంచిదే కదా. నేను పక్కనుంటాను, భయపడకు.

నికెన్


పంగుల్,
నవంబరు 20

నికెన్ అక్కకి,

తిట్టాలని నెల రోజులు మాటలు పోగేసుకున్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను పో.

విచారణయ్యాక బస్సులో తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ గదే కళ్ళముందుంది. ఆ నల్లటి పొడుగు మేజా, నలుగురు పెద్దలు, అటు చివర విర్యవాన్ సార్. నేనంతసేపు ఏనాడూ మాట్లాడలేదు. చేతులు నొప్పి పుట్టాయి. "ఆయన ఆమెతో మాట్లాడాడు, నాతో కాదు. ఆమె నాకు చెప్పలేదు. హెచ్చరిక డ్రాయర్లో ఉండిపోయింది. నేను బద్ధకస్తురాలిని కాను, నాకు తెలియదు" అని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. నిన్ను వేలెత్తి చూపించాల్సి వచ్చింది, చూపించాను. నీ చెవులు ఎర్రబడిపోయాయి అక్కా. నీ తప్పు నీ నోటితోనే చెప్పుకోవడం ఎంత కష్టమో! నేనంతసేపు చేతులాడిస్తే నువ్వు నాలుగు ముక్కల్లో తేల్చేశావు, గట్టిదానివే. ఎలాగైతేనేం చెప్పావు. వాళ్ళ మొహాలు మెత్తబడటం నా కళ్ళతో చూశాను. డీన్ తలూపాడు. ఆ పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నిమిరింది. విర్యవాన్ సార్ తలదించుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకుంటా, పడాల్సిందే.

కవరు నువ్వు బయటికి తియ్యడం నేను చూడలేదు, ముందే ఇచ్చేసి ఉంటావు.

ఇంటికి రాగానే ఆగలేక సుమినీ టీచరమ్మకి చెప్పేశాను, పని అయిపోయినట్టేనని. ఆవిడ కాగితం మీద రాసి చూపించింది, "జనవరి అయిదో తారీకు వరకే ఆపగలను" అని. ఆలోగా తీర్పూ పట్టా వచ్చేస్తాయి కదా? మిగిలింది నెల రోజుల పని. థీసిస్‌లో ఆ నాలుగో అధ్యాయం నాకు ప్రాణం. మా తీరంలో చెవిటివాళ్ళు చేపలకి పెట్టుకున్న సైగలు నూట పన్నెండు పోగేశాను. ముసలి ఓడవాళ్ళ వెంటపడి నేర్చుకున్నాను.

అక్కడి సోయా టెంపే చిప్స్ పంపిస్తావా? అమ్మకి ఇష్టం.

నీ పాలుపి


మలాంగ్,
డిసెంబరు 12

పాలుపీకి,

చిప్స్ పంపాను, రెండు రకాలు. పొడిగా ఉన్నవి అమ్మకి. ఇక్కడ ఒకటే వాన. పరీక్షల పనితో ఊపిరాడటం లేదు. పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. నాన్న అందరికీ భోజనాలు పెట్టాడు.

ఒంట్లో జాగ్రత్త. ఏదొచ్చినా మనసు గట్టి చేసుకోవాలి.

నికెన్


పంగుల్,
జనవరి 9

నికెన్‌కి,

బోర్డు తీర్పు వచ్చింది. వెంట ఆ రోజు విచారణలో ఎవరేమన్నారో రాసిన కాగితం కూడా పంపారు. నేనన్నట్టు రాసింది ఇదీ:

"తనకు అన్ని సందర్భాల్లోనూ హెచ్చరికలు అందాయని, కుటుంబ ఇబ్బందుల వల్ల అశ్రద్ధ చేశానని విద్యార్థిని అంగీకరించింది. తోడ్పాటు కేంద్రం చేసిన సాయానికి కృతజ్ఞతలు తెలిపింది. పెద్దలను క్షమాపణ కోరింది."

కింద: "విద్యార్థిని స్వయంగా అంగీకరించినందున రద్దు నిర్ణయంలో మార్పు లేదు. ఆమె వినయం ప్రశంసనీయం."

నా వినయం ప్రశంసనీయమట! చదివి నవ్వాను. అమ్మ భయపడి దగ్గరికొచ్చింది. ఈసారి దాచలేదు. చదువు పోయిందని అమ్మకి చెప్పాను. ఎందుకంటే నువ్వూ నేనూ ఇద్దరం ఒకటే పని చేస్తున్నామని ఆ క్షణాన తట్టింది, నాకు నా మీదే అసహ్యం వేసింది. అమ్మ వెళ్ళి చేపలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది.

నా చేతులతో నేను చెప్పాను కదా! నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూస్తూ, నా చేతుల్లోంచి నిజం తీసుకుని నోట్లో వేసుకుని ఇంకోటి ఊశావు కదా! నేను మూర్ఖంగా నీ చెవులు ఎర్రబడ్డాయని జాలిపడ్డాను. ఆ ముసలావిడ నా చెయ్యి ఎందుకు నిమిరిందో ఇప్పుడర్థమైంది. దొంగతనం ఒప్పుకున్న పిల్లని నిమిరినట్టు నిమిరింది.

అయిదో తారీకు వెళ్ళిపోయింది. ట్రెంగ్గాలెక్ నుంచి ఒకమ్మాయిని వేశారు. మంచి పిల్లే. పట్టా ఉంది. సైగలు రావు.

నీ క్షమాపణ నాకొద్దు. పంపావంటే చదవకుండా పొయ్యిలో వేస్తాను. నాకు ఒకటే కావాలి. రెండేళ్ళలో ఆ గదిలో విర్యవాన్ సార్ నా గురించి అన్న ప్రతి మాటా రాయి. ఎంత పచ్చిగా అంటే అంత పచ్చిగా. అవి నావి. నా గురించి అన్న మాటలు నావి, నువ్వు దాచుకోవడానికి వీల్లేదు.

పాలుపి


మలాంగ్,
ఫిబ్రవరి 3

పాలుపీ,

క్షమించమని రాయను. ఆ గదిలో జరిగింది మాత్రం చెప్పాలి, ఆ తర్వాత నువ్వడిగింది రాస్తాను.

కవరు నా సంచిలోనే ఉంది. చెప్పాలనే వచ్చాను. నువ్వు నన్ను వేలెత్తి చూపించగానే నలుగురూ నా వైపు తిరిగారు. ఎండాంగ్ మేడం తలుపు దగ్గర నించుని ఉంది. నోరు తెరిచాను. "ఆమె క్షమించమంటోంది" అన్న మాట దానంతటదే వచ్చింది. రాగానే వాళ్ళ మొహాలు మెత్తబడ్డాయి. అది చూసి, ఇదే మంచి దారి, కొట్లాడితే ఒప్పుకోరు, తలవంచితే ఒప్పుకుంటారు అనుకున్నాను. నీ కోసమే అనుకున్నాను. నా పర్మనెంట్ ఆర్డరు మరుసటి నెలలోనే ఉందన్న సంగతి కూడా నాకు తెలుసు. ఏది ఎంతో నాకే తెలియదు. నువ్వు చెప్తూనే ఉన్నావు, నేను నీ చేతుల వైపు చూడటం మానేశాను. వాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? ఆ గదిలో రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నీ ఉత్తరం రాగానే డీన్ దగ్గరికి వెళ్ళాను. అంతా రాసిచ్చాను, సంతకం పెట్టి, కవరుతో సహా. తీసేస్తారనుకున్నాను. తీసెయ్యమని లోపల కోరుకున్నాను కూడా. ఆయన చదివి, మడిచి, నాకు టీ తెప్పించారు. "నువ్వు సున్నితమైన పిల్లవి. స్నేహితురాలి మీద ప్రేమతో తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. ముగిసిపోయిన విషయం, అందరికీ ఇబ్బంది, మళ్ళీ కదపొద్దు" అన్నారు. ఆ కాగితం తన సొరుగులో పెట్టుకున్నారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నేనింకా ఇదే కుర్చీలో ఉన్నాను. కొత్తగా చేరిన ఆ ముగ్గురు చెవిటి పిల్లలకి నేనే తోడు.

ఇక నువ్వడిగినవి. పైన ఆయనన్నది, కింద నేను చెప్పింది.

"ఇది రాసింది ఈ పిల్లేనా, ఎవరైనా రాసిపెట్టారా?"
భాష కొంచెం చూసుకోమన్నారు.

"ఇలాంటివాళ్ళని చేర్చుకునేది ఫొటోలకి. మోసేది మేము."
సార్‌కి పని ఎక్కువగా ఉందట.

"రెండో అధ్యాయం చెత్తబుట్టకి కూడా పనికిరాదు. ఆలోచించడం రాదా, వినడమే రాదా?"
రెండోది ఇంకోసారి చూసుకోమన్నారు.

"చెప్పిందే చెప్పిస్తోంది. మొద్దు. నువ్వు సరిగా చెప్తున్నావా దీనికి?"
బాగుందన్నారు.

ఇది జనవరిలో: "ఎద్దులా నడుస్తోంది. జూలైకి గడువు. పరిగెత్తమను."
నెమ్మదిగా చెయ్యమన్నారు.

ఇంకా ఉన్నాయి, వేరే కాగితం మీద వరసగా రాసి పెట్టాను. అన్నీ ఉన్నాయి. తేదీలు కూడా వేశాను.

ఒకటి మాత్రం ఇక్కడే రాయాలి. మార్చి, పదకొండోసారి, అదే ఆఖరిసారి. అమ్మ ఆస్పత్రిలో ఉంది. నీ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నీ నాలుగో అధ్యాయం ఆయన బల్ల మీద ఉంది. ఆయనన్నారు: "ముప్పై ఏళ్ళలో నా దగ్గరికి ఇలాంటిది రాలేదు. ఈ సైగలు ఇంతవరకూ ఎవరూ పోగుచెయ్యలేదు, ఈమె తప్ప చెయ్యగలిగినవాళ్ళు కూడా లేరు. ముందు అధ్యాయాలు ఎలా ఉన్నా ఫరవాలేదు, వాటి సంగతి నేను చూసుకుంటాను. ఉన్నవి ఉన్నట్టు కట్టి తెమ్మను, సంతకం పెడతాను. జూన్‌లోపు తేవాలి. తేకపోతే నేనూ కాపాడలేను."

మెచ్చుకోలూ గడువూ ఒకే ఊపులో అన్నారు. మొదటిది చెప్తే రెండోది చెప్పాలి. ఆ మొహం పెట్టుకుని ఉన్న నీకు "జూన్" అని చెప్పడానికి నా చెయ్యి లేవలేదు. రెండూ వదిలేశాను. బాగుంది, నెమ్మదిగా చెయ్యమన్నారు అన్నాను.

అప్పుడు ఆయన నీ వైపు చూశారు పాలుపీ. నవ్వారు కూడా. నువ్వు నా చేతులు చూస్తున్నావు.

విచారణ రోజు ఆయన తలదించుకున్నది సిగ్గుతో కాదు. తను అంత చెప్పినా నువ్వు లెక్కచెయ్యలేదనుకున్నారు. బయటికొచ్చాక నన్నాపి, "ఆ పిల్లకి అంత నిర్లక్ష్యమేమిటి?" అని అడిగారు. నేను తలవంచుకుని మెట్లు దిగిపోయాను.

నికెన్


పంగుల్,
జూన్ 1

నికెన్‌కి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. పచ్చి మాటలన్నీ చదివాను. ఒక్కటీ గుచ్చుకోలేదు. చెత్తబుట్ట, ఎద్దు, మొద్దు, అవన్నీ మింగేసి మర్నాటికి రెండో అధ్యాయం తిరగరాసి ఉండేదాన్ని. నేనేమిటో నీకు తెలియలేదు. మార్చిది మాత్రం ఇంకా మింగుడుపడటం లేదు. విర్యవాన్ సార్‌కి ఫిబ్రవరిలోనే రాశాను, నీ కాగితాలన్నీ జత చేసి. రిటైరైపోయారట, ఉత్తరం తిరిగొచ్చింది.

ఇది నీకు రాసే ఆఖరి ఉత్తరం. ఎందుకు రాస్తున్నానంటే, ఇది చెప్పడానికి నాకు ఇంకెవరూ లేరు.

బడిలోనే చేరాను. టీచరుగా కాదు, హాస్టల్లో ఆయాగా. పిల్లల తలలు దువ్వడం, అన్నాలు పెట్టడం, పక్కబట్టలు ఉతకడం. టీచర్లకి అవసరమైనప్పుడు పిలుస్తారు, పిల్లలకి సైగల్లో చెప్పమని. దానికి పేరు లేదు.

రింజని అని ఒక పిల్ల, ఎనిమిదేళ్ళు. తల్లి లేదు. బక్రీద్ పండక్కి నాన్న వచ్చి తీసుకెళ్తాడని పది రోజుల నుంచి సంచి సర్దుకుని కూర్చుంది. మంగళవారం వచ్చాడు. తీసుకెళ్ళడానికి కాదు. రెండో పెళ్ళాం ఈ పిల్లని గడప తొక్కనివ్వనందట. ఈ పండక్కే కాదు, ఇక ఎప్పుడూ రాలేనని సుమినీ టీచరమ్మకి చెప్పి, గేటు దగ్గర్నుంచే వెళ్ళిపోయాడు. రింజని కిటికీలోంచి చూసింది. పరిగెత్తుకుంటూ వచ్చి నా చొక్కా అంచు పట్టుకుని, "నాన్న ఏమన్నాడు?" అని అడిగింది.

సుమినీ టీచరమ్మ వాడన్నదంతా చీటీ మీద రాసి నాకిచ్చింది. కింద ఇంకో వాక్యం రాసింది: "వచ్చే వారం వస్తాడని చెప్పు, పాపం."

నా చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్ళు ఎలా ఉన్నాయో నీకు రాయక్కర్లేదు, నీకు తెలుసు. "వచ్చే వారం" అని చెప్పడానికి రెండు వేళ్ళు కదిపితే చాలు. నవ్వుతుంది. వెళ్ళి అన్నం తింటుంది. నువ్వు ఎందుకలా చేశావో ఆ నిమిషంలో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమైందంటే క్షమించానని కాదు. క్షమించలేదు.

కింద కూర్చుని చెప్పాను. నాన్న రాడు. వచ్చే వారం కూడా రాడు. నీ తప్పేం లేదు, కానీ రాడు. వాడన్నది అన్నట్టు చెప్పాను, ఒక్క ముక్క తగ్గించలేదు.

నా చెయ్యి కొరికింది. రక్తం వచ్చింది. కట్టు కట్టుకుంటుంటే సుమినీ టీచరమ్మ నన్ను రాక్షసి అంది, ఆవిడ మూతి కదలికలో ఆ మాట నాకు బాగా తెలుసు.

రింజని సంచి ఇంకా విప్పలేదు. నేను పెడితే అన్నం తినడం లేదు, వేరే ఆయా పెడితే తింటోంది. తల దువ్వడానికి పిలిస్తే గోడ వైపు తిరుగుతోంది. ఇవాళ్టికి అయిదో రోజు. నా మొహం చూడటం లేదు.

పాలుపి